దొడ్డికాళ్ల పాపకు రాత్రిళ్లు నొప్పి: కాల్షియం సిరప్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. నడక వచ్చినప్పటి నుంచి దొడ్డికాళ్లు. తోటి పిల్లలకన్నా బాగా పొట్టి. రెండేళ్లపాటు విటమిన్ డి, కాల్షియం వాడినా తేడా లేదు. విశాఖలో పరీక్షలు చేసి ‘ఎక్స్-లింక్డ్ హైపోఫాస్ఫటేమియా’ అన్నారు. కిడ్నీలోంచి ఫాస్ఫరస్ పోతోందట. రోజుకు ఐదుసార్లు ఫాస్ఫేట్ ద్రావణం, రాత్రికి కాల్సిట్రయాల్ రాశారు. ద్రావణం తాగితే విరేచనాలు అవుతున్నాయని రెండు పూటలే ఇస్తున్నాం. మూడు నెలలైనా, పొద్దుపోతే చాలు కాళ్లు లాగేస్తున్నాయని ఏడుపే. మా అత్తగారు మళ్లీ కాల్షియం సిరప్ పట్టమంటున్నారు. మా ఆయనవీ వంకర కాళ్లే. మాది ఉద్దానం, కిడ్నీ అన్నాక మాకు నిద్ర లేదు. నొప్పి తగ్గే దారి చెప్పండి. రెండో బిడ్డకూ వస్తుందా?
- ఓ తల్లి, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు ఆ కిడ్నీ భయం తీసేద్దాం అమ్మా. మీ ప్రాంతంలో పెద్దవాళ్లకు వచ్చే కిడ్నీ జబ్బు వేరు, పాపది వేరు. మీరు తాగే నీళ్లకూ దీనికీ సంబంధం లేదు. ఇది పుట్టుకతో వచ్చిన జన్యు లోపం, దాదాపు ఇరవై వేల మందిలో ఒకరికి ఉంటుంది. ఫెక్స్ అనే జన్యువు సరిగా పనిచేయకపోవడంతో ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోను శరీరంలో ఎక్కువైపోతుంది. అది కిడ్నీల చేత ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి వదిలించేస్తుంది, విటమిన్ డి పనికొచ్చే రూపంలోకి మారకుండా అడ్డుపడుతుంది. రక్తాన్ని వడకట్టే పని మాత్రం కిడ్నీలు మామూలుగానే చేస్తాయి. డయాలసిస్ దాకా ఆలోచించి టెన్షన్ పడకండి.

ఫాస్ఫరస్ చాలకపోతే ఎముక గట్టిపడదు. మెత్తటి ఎముక మీద ఒంటి బరువు పడి కాలు వంగుతుంది, ఎముకే నొప్పి పెడుతుంది. వంగిన కాళ్లతో అటూ ఇటూ ఊగుతూ నడవాలి కాబట్టి కండరాలు రెట్టింపు పనిచేసి సాయంత్రానికి అలసిపోతాయి. ‘ఎదిగే వయసు నొప్పులు’ అని తీసిపారేసే రకం కాదిది. బడికి వెళ్లకుండా ఉండడానికి నాటకమూ కాదు. ఈ రెండో మాట మీరు అడగలేదు, కానీ ఇలాంటి పిల్లల ఇళ్లలో ఎవరో ఒకరు అనే ఉంటారు.

నొప్పి తగ్గకపోవడానికి పెద్ద కారణం మీ ఉత్తరంలోనే ఉంది: ఐదుసార్లు ఇవ్వాల్సింది రెండుసార్లే ఇస్తున్నారు. ఒక డోసు ఇచ్చాక రక్తంలో ఫాస్ఫరస్ పెరిగినా మూడు నాలుగు గంటల్లో మళ్లీ దిగిపోతుంది. పొద్దున, సాయంత్రం మాత్రమే ఇస్తే మిగతా సమయమంతా ఎముకకు సరుకు అందదు. తప్పిన మూడు డోసులనూ ఆ రెండింటిలో కలిపి ఇచ్చారో, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. డాక్టరు రాసిన కొలతను గ్లాసు నీళ్లలో కలిపి, గటగటా తాగించకుండా పావుగంట సేపు కొంచెం కొంచెంగా తాగించండి. అయినా విరేచనాలు ఆగకపోతే విశాఖ డాక్టరుకు చెప్పండి. మొత్తం మోతాదు కాస్త తగ్గించి, కొన్ని వారాల్లో మెల్లగా పెంచుతారు. మీ అంతట మీరు ఏ డోసూ మానేయొద్దు. ముఖ్యంగా కాల్సిట్రయాల్ (పనికొచ్చే రూపంలోనే ఇచ్చే విటమిన్ డి) ఆపేసి ఫాస్ఫేట్ ఒక్కటే ఇవ్వకూడదు, మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథి రెచ్చిపోయి ఎముకల్ని ఇంకా గుల్ల చేస్తుంది.

ఐదు పూటలు ఎలాగంటారా? లేవగానే ఒకటి, బడిలో ఇంటర్వెల్‌కి ఒకటి, మధ్యాహ్న భోజనం అయ్యాక కాసేపటికి ఒకటి, ఇంటికి రాగానే ఒకటి, పడుకునే ముందు ఒకటి. బడిలో ఇచ్చే రెండూ ఇంట్లోనే కలిపి రెండు చిన్న సీసాల్లో పంపండి. టీచరుకు డాక్టరు చీటీ చూపించి చెబితే గుర్తు చేస్తారు. మందుకూ పాలకూ గంటైనా ఎడం ఉండాలి, లేకపోతే పాలలోని కాల్షియం పేగులోనే ఫాస్ఫేట్‌ను పట్టేసుకుంటుంది. చోడి (రాగి) అంబలికీ ఇదే లెక్క. అంబలి మానక్కర్లేదు, వేళ మార్చండి చాలు.

ఇక సిరప్. మీ అత్తగారు ప్రేమతోనే అంటున్నారు, కానీ ఈ జబ్బులో రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది. కాల్సిట్రయాల్ వాడుతున్న పిల్లకు పైనుంచి కాల్షియం సిరప్, విటమిన్ డి సాచెట్లు, సూదులు కలిపితే మూత్రంలో కాల్షియం పెరిగి కిడ్నీల్లో సున్నంలా పేరుకుపోతుంది. అంటే మీరు భయపడే కిడ్నీ సమస్యను మనమే కొని తెచ్చుకున్నట్టు. అందుకే మూడు నెలలకోసారి రక్త, మూత్ర పరీక్షలు, ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్ చేయిస్తారు. కాల్షియం పాలూ తిండీ నుంచే రానివ్వండి.

నొప్పి ఎక్కువగా ఉన్న రాత్రి వేడినీళ్ల సంచి గుడ్డలో చుట్టి మోకాళ్ల కింద పెట్టండి, గోరువెచ్చటి నూనెతో మెల్లగా రాయండి. కాళ్లు తిన్నగా అవుతాయని లాగడం, కట్లు కట్టడం మాత్రం వద్దు. అయినా తగ్గకపోతే పారాసిటమాల్ ఇవ్వొచ్చు: కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా., ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా. వారంలో మూడు నాలుగు రాత్రులు మాత్ర అవసరమవుతోందంటే డాక్టరుకు చెప్పాలి. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది, మందుల షాపులో అడిగి తెచ్చే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీలకు భారం. ఈ పాపకు అవి వద్దు.

పగలు ఎలా గడిచిందన్నదాన్ని బట్టే రాత్రి నొప్పి ఉంటుంది. ఆటలు మాన్పించొద్దు. సైకిలు తొక్కనివ్వండి, అందులో ఒంటి బరువు కాళ్ల మీద పడదు. ఎత్తు మీంచి దూకడం, పీటీ పీరియడ్‌లో బలవంతపు పరుగులు వద్దు. బల్ల మీద కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడకుండా కింద పీట వేయించండి. గొంతుక్కూర్చోవడం కష్టమైతే మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ పెట్టండి. పెళ్లికో తిరునాళ్లకో వెళ్లిన రోజు పాపను కాసేపు ఎత్తుకుంటే నామోషీ ఏమీ కాదు.

ఒకే కాలులో ఒకే చోట నొక్కితే నొప్పి, కొత్తగా కుంటడం, అడుగు వేయలేకపోవడం ఉంటే ఎముక చిట్లి ఉండొచ్చు, వెంటనే ఎక్స్‌రే తీయించండి. జ్వరం, వాపు ఉన్నా, వదలని తలనొప్పితో వాంతులు అవుతున్నా ఆగకుండా శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. పిప్పి లేకుండానే చిగురు మీద చీము పొక్కు రావడం కూడా ఈ జబ్బులో ఉంటుంది, పళ్ల డాక్టరుకు జబ్బు పేరు చెప్పి చూపించండి.

రిపోర్టు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ల్యాబులు ఫాస్ఫరస్‌కు తరచుగా పెద్దవాళ్ల కొలతే (సుమారు 2.5 నుంచి 4.5 మి.గ్రా./డె.లీ.) ముద్రిస్తాయి. చిన్నపిల్లల్లో ఫాస్ఫరస్ అంతకంటే ఎక్కువ ఉండాలి. 2.8 వస్తే కాగితం మీద ‘నార్మల్’, పాపకు మాత్రం తక్కువే. ఇలాంటి కాగితాల వల్లే చాలామంది పిల్లలకు జబ్బు పేరు తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఇంకో సంగతి, మందు సరిగా వాడినా రక్తంలో ఫాస్ఫరస్ పూర్తిగా నార్మల్‌కు రాదు. రాలేదని మోతాదు పెంచేయకూడదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక జబ్బు ఎంత ఉందో చూపే రక్తపరీక్ష) తగ్గుతోందా, నొప్పి తగ్గుతోందా, ఎత్తు పెరుగుతోందా అన్నదే మేం చూస్తాం. ఐదు పూటలూ పడితే నొప్పిలో తేడా కొన్ని వారాలకో, రెండు మూడు నెలలకో తెలుస్తుంది. వంపు సర్దుకోవడానికి ఏళ్లు కావాలి. అప్పటికీ మిగిలితే, ఇంకా ఎదిగే వయసులోనే మోకాలి దగ్గర చిన్న ప్లేట్లు వేసి సరిచేస్తారు. రక్తపరీక్షలు అదుపులోకి రాకముందే ఆపరేషన్‌కు తొందరపడితే కాలు మళ్లీ వంగొచ్చు. 2018 నుంచి బురోసుమాబ్ అనే ఇంజెక్షన్ వచ్చింది, ముందు చెప్పిన ఎఫ్‌జీఎఫ్ 23 హార్మోనునే అడ్డుకుంటుంది. పిల్లలకు రెండు వారాలకోసారి వేయాలి. ధర మామూలు కుటుంబాలకు అందేది కాదు, దాని కోసం ఇప్పుడున్న మందు ఆపొద్దు.

మీ ఆయనకూ పరగడుపున ఫాస్ఫరస్ పరీక్ష చేయించండి. ఆయనకీ ఇదే ఉంటే లెక్క తేలిక: తండ్రి నుంచి కూతుళ్లందరికీ వస్తుంది, కొడుకులకు రాదు. ఈ మాట వినగానే ఇంట్లో ‘అయితే మగపిల్లాడైతే బాగుణ్ను’ అంటారు. ఆడపిల్ల పుట్టినా నెలల వయసులోనే పరీక్షించి, కాళ్లు వంగకముందే మందు మొదలుపెడితే పెద్దపాప పడినంత బాధ ఉండదు. పుట్టిన మొదటి మూడు నాలుగు నెలల్లో ఫాస్ఫరస్ మామూలుగా కనిపించవచ్చు, కాబట్టి ఒక్క పరీక్షతో ఆగకుండా ఆరో నెలలోనూ చేయించండి.