ఏ పాఠంలోదో చెప్పకుండా లెక్క ఇస్తే...

పాఠకుల ప్రశ్నలకు లెక్కల టీచర్ జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. పాఠం పాఠంగా చేసేటప్పుడు అభ్యాసం మొత్తం తప్పు లేకుండా చేస్తాడు. స్కూల్లో అన్ని పాఠాలూ కలిపి పరీక్ష పెడితే మాత్రం సగం లెక్కలు ముట్టుకోకుండానే పేపర్ ఇచ్చేసి వస్తున్నాడు. అడిగితే ‘అన్నీ తెలుసు మమ్మీ, ఎట్ల మొదలుపెట్టాల్నో తోచలేదు’ అంటాడు. ట్యూషన్ సార్ ఇంకా ప్రాక్టీస్ చేయించమంటున్నారు. ఇంకెంత చేయించాలి మేడమ్?
– ఒక తల్లి, కొత్తపేట

జవాబు: మీ వాడు తన ఇబ్బంది ఏమిటో తనే సరిగ్గా చెప్పాడమ్మా. ట్యూషన్ సార్ కన్నా బాగా చెప్పాడు. ‘ఎట్ల మొదలుపెట్టాల్నో’ అన్నదే అసలు సంగతి.

పుస్తకంలో ‘త్రికోణమితి అనువర్తనాలు’ అని పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ కింద ఉన్న ఇరవై లెక్కల్లో ఏది తీసినా త్రికోణమితే. బొమ్మ గీసి, టాన్ (కోణానికి ఎదుటి భుజాన్ని పక్క భుజంతో భాగిస్తే వచ్చేది) రాసి, విలువ వేస్తే అయిపోతుంది. ఏ పద్ధతి వాడాలన్న మొదటి నిర్ణయం పుస్తకమే చేసిపెట్టింది, పిల్లవాడు చేయలేదు. పరీక్ష పేపర్ మీద ఆ శీర్షిక ఉండదు. అక్కడ వాడికి కావలసిన నైపుణ్యం ఇంట్లో ఒక్కసారి కూడా సాధన చేయనిది. అదే పాఠంలో ఇంకో వంద లెక్కలు చేయించినా లోటు అక్కడే ఉంటుంది.

ఈ మూడు లెక్కలు చూడండి. మూడూ చార్మినార్ మీదే.

ఒకటి: మినారు ఎత్తు 56 మీటర్లు. నేలమీద ఒక చోట నిలబడి చూస్తే దాని కొన 30° ఊర్ధ్వకోణంలో (నేల మట్టం నుంచి పైకి చూసే కోణం) కనిపిస్తోంది. ఆ చోటు మినారు అడుగు నుంచి ఎంత దూరం?

రెండు: ఎండలో 1.5 మీటర్ల కర్రను నిటారుగా నిలబెడితే నీడ 2 మీటర్లు పడింది. అదే సమయంలో 56 మీటర్ల మినారు నీడ ఎంత పొడవు ఉంటుంది?

మూడు: చార్మినార్ అడుగు భాగం 20 మీటర్ల భుజం ఉన్న చతురస్రం. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఎంత దూరం?

మూడింటికీ బొమ్మ గీస్తే లంబకోణ త్రిభుజమే వస్తుంది. పిల్లలు తడబడేది కూడా ఇక్కడే. లంబకోణం కనబడగానే కొందరు కళ్ళు మూసుకుని పైథాగరస్ రాసేస్తారు. నేను తరగతిలో ఒకటే అడిగేదాన్ని: ‘ఇచ్చిందేమిటి? కోణమా, భుజాలా, రెండో త్రిభుజమా?’ మొదటి దానిలో ఒక కోణం, ఒక భుజం ఇచ్చారు కాబట్టి అది త్రికోణమితి. రెండో దానిలో కోణం ఎంతో చెప్పలేదు. కానీ ఒకే ఎండ కాబట్టి కర్రకూ మినారుకూ కోణం సమానం, అంటే సరూప త్రిభుజాలు (ఆకారం ఒకటే, కొలతలు వేరు). మూడో దానిలో రెండు భుజాలిచ్చి మూడోది అడిగారు, అప్పుడు పైథాగరస్.

ఈ మాట తేలాక మిగిలింది చేతిపని. టాన్ 30° = 56/దూరం, అంటే 1/√3 = 56/దూరం. దూరం = 56√3, దాదాపు 97 మీటర్లు. రెండోది 56/నీడ = 1.5/2. నీడ = 112/1.5, దాదాపు 74.7 మీటర్లు. మూడోది √(400 + 400) = 20√2, సుమారు 28.3 మీటర్లు.

ఇలా కలిపి ఇవ్వడం మీద పరిశోధన కూడా జరిగింది. అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగం అది. కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కట్టడం నేర్పారు. కొందరికి ఒక్కో రకం లెక్కలన్నీ ఒకచోట పెట్టి ఇచ్చారు, మిగతావాళ్ళకు నాలుగు రకాలూ కలగలిపి ఇచ్చారు. సాధన చేసేటప్పుడు ఒకచోట పెట్టి చేసినవాళ్ళకు 89% సరిగ్గా వచ్చాయి, కలిపి చేసినవాళ్ళకు 60% మాత్రమే. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటివాళ్ళు 20%కి పడిపోయారు, రెండోవాళ్ళు 63% తెచ్చుకున్నారు. మీ ఇంట్లో ‘తప్పు లేకుండా చేస్తాడు’ అని మీకు కనిపిస్తున్నది ఆ 89 అన్నమాట.

కాబట్టి ఇలా చేయండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ప్రశ్నపత్రాలు, గైడ్లు దొరుకుతాయి. రెండు మూడు కొనుక్కొచ్చి లెక్కలు కత్తిరించి, వెనకాల పాఠం పేరు పెన్సిల్‌తో రాసి, ఒక బిస్కెట్ డబ్బాలో వేయండి. రోజూ పది చీటీలు తీయమనండి. చేయడానికి కాదు. చదివి, ‘ఇది ఫలానా పద్ధతి, ఎందుకంటే ఇది ఇచ్చారు’ అని ఒక్క వాక్యం పైకి చెప్పి, చీటీ తిప్పి చూసుకుంటే చాలు. ఆ తర్వాత వాటిలో నాలుగైదు పూర్తిగా చేస్తాడు. మొదటి రెండు వారాలు మార్కులు తగ్గినట్టే కనిపిస్తాయి. అప్పుడే తల్లిదండ్రులకు టెన్షన్ వచ్చి డబ్బా మూత పెట్టేస్తారు. మీరు పెట్టకండి.

ప్రశ్న: మేడమ్, గైడ్‌లో చేసి చూపించిన సాధన చదువుతుంటే ప్రతి లైనూ అర్థమవుతుంది. గైడ్ మూసి అదే లెక్క చేద్దామంటే రెండో లైన్ దగ్గర ఆగిపోతాను. సాధనలు చూడొద్దని మా అన్న అంటున్నాడు. నిజమేనా?
– పదో తరగతి విద్యార్థి, బోరబండ

జవాబు: మీ అన్న మాట సగమే నిజం నాన్నా. సాధన చూడటం తప్పు కాదు. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితం మీద చేసిన పనిలో, ఒక సాధన చదివి వెంటనే అలాంటిదే ఇంకో లెక్క చేసిన పిల్లలు, అన్నీ సొంతంగా కుస్తీ పట్టినవాళ్ళ కన్నా తక్కువ సమయంలో నేర్చుకున్నారు. తప్పు నువ్వు చదివే తీరులో ఉంది. అర్థం కావడం, గుర్తుకు రావడం వేరు వేరు పనులు. నువ్వు మొదటి దాన్నే సాధన చేస్తున్నావు.

ఒక లెక్క తీసుకుందాం. ఇరానీ హోటల్లో 240 రూపాయలకు ఉల్లి సమోసాలు కొన్నారు. ఒక్కో సమోసా 2 రూపాయలు తక్కువైతే అదే డబ్బుకు 4 ఎక్కువ వచ్చేవి. సమోసా ధర ఎంత?

సాధన మీద స్కేలు పెట్టి మొత్తం మూసెయ్. మొదటి లైన్ ఏముంటుందో నీ నోట్‌బుక్‌లో రాసి, అప్పుడు స్కేలు ఒక్క లైన్ కిందికి జరుపు. ఇక్కడ మొదటి లైన్: ధర ‘స’ అనుకుంటే వచ్చే సమోసాలు 240/స. (‘స’ బదులు ఎక్స్ రాసుకో, నాకేం అభ్యంతరం లేదు.) రెండో లైన్: 240/(స − 2) − 240/స = 4. నువ్వు ఆగిపోయేది ఇక్కడేనని నాకు గట్టి అనుమానం, ఎందుకంటే లెక్కలోని మాటలు సమీకరణంగా మారేది ఈ లైన్‌లోనే. దీని పక్కన మార్జిన్‌లో ‘ధర తగ్గితే వచ్చే సంఖ్యలోంచి ఇప్పుడు వచ్చిన సంఖ్య తీస్తే 4’ అని తెలుగులో రాయి. గైడ్లలో ఆ మాట ఉండదు. నేరుగా సమీకరణం దింపేస్తారు, అందుకే గైడ్లంటే నాకు పెద్ద గౌరవం లేదు.

మిగతావి సులువు. 480 = 4 × స × (స − 2). అంటే స² − 2స − 120 = 0. కారణాంకాలు (స − 12)(స + 10) = 0. ధర రుణసంఖ్య కాదు కాబట్టి 12 రూపాయలు. సరిచూసుకో: 12 చొప్పున 20 సమోసాలు, 10 చొప్పున 24. తేడా 4.

మర్నాడు అదే లెక్కను మొదటి రెండు లైన్లు మాత్రం చూసి చెయ్. ఆ పై రోజు ఏమీ చూడకుండా. ఆ తర్వాత దీని పక్కన ఈ లెక్క పెట్టు: మూడు చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లకు 100 రూపాయలైంది. రెండు చాయ్‌లు, ఆరు బిస్కెట్లకు కూడా 100 రూపాయలే. ఏది ఎంత?

అదే హోటల్, అవే రూపాయలు. కానీ ఇది వర్గ సమీకరణం కాదు. సమోసా లెక్కలో ధర తెలియదు, ఎన్ని వచ్చాయో కూడా తెలియదు. తెలియని రెండూ గుణకారంలో కలిసినందుకే అక్కడ వర్గం పుట్టింది. ఇక్కడ ఎన్ని కొన్నారో చెప్పేశారు, ధరలే తెలియవు. కాబట్టి రేఖీయ సమీకరణాల జత. 3చ + 4బ = 100, 2చ + 6బ = 100. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే చ = 2బ. మొదటి దానిలో వేస్తే 10బ = 100. బిస్కెట్ 10 రూపాయలు, చాయ్ 20.

ప్రశ్న: ఒక బట్టల షాపులో ధర 20% పెంచి, పండక్కి 20% తగ్గింపు అని బోర్డు పెట్టారు. పాత ధరే కదా అంటాను నేను. మా తమ్ముడు కాదంటాడు. ఎవరు రైట్?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, మెహదీపట్నం

జవాబు: తమ్ముడే. వెయ్యి రూపాయల చీర 20% పెంచితే 1200. తగ్గింపు ఆ 1200 మీద, అంటే 240. మిగిలేది 960. పాత ధర కన్నా 4% తక్కువ. శాతం అన్న చోటల్లా ‘దేనిలో శాతం?’ అని పక్కన రాసుకో.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. ఇప్పటి నుంచే అన్ని పాఠాలూ కలిపిన లెక్కలు చేయించవచ్చా? రోజుకు ఎన్ని?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: చేయించవచ్చు, కానీ ఈరోజు మొదలుపెట్టిన పాఠాన్ని ఈరోజే కలపకండి. కొత్త పాఠంలో పద్ధతి చేతికి రావాలి కదా, ముందు అదొక్కటే ఒక డజను లెక్కలు చేయనివ్వండి. కలపాల్సింది అయిపోయిన పాఠాలను. రోజుకు ఆరు లెక్కలు చాలు, అందులో కనీసం నాలుగు పాఠాలు ఉండాలి. ముప్పై లెక్కల హోంవర్క్ ఇచ్చే చోట ఈ ఆరు కూడా చేయించడం కష్టమని తెలుసు. ఆ ముప్పైలో ఒకే రకానివి పది కొట్టేయమని టీచర్‌ను అడగండి. అడిగితే వినే టీచర్లు ఉంటారు.

ప్రశ్న: నేను రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని. మనవరాలు పదో తరగతి. సాయంత్రాలు నేనే కూర్చోబెడుతున్నాను. పుస్తకంలో లేని లెక్కలు, సాధనలతో సహా కొన్ని ఇవ్వగలరా?
– ఒక తాతగారు, పద్మారావునగర్

జవాబు: తప్పకుండా సర్. మెట్రోలో వెళ్ళినప్పుడు ఇది అడగండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా సుమారు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. రెండు స్టేషన్ల మధ్య సగటు దూరం ఎంత? 29ని 27తో భాగిస్తే తప్పు. 27 స్టేషన్ల మధ్య ఖాళీలు 26. 29/26, దాదాపు 1.1 కిలోమీటర్లు. ఈ లెక్క ఏ పాఠంలోనూ లేదు, అందుకే చాలామంది పప్పులో కాలేస్తారు.

రెండోది. బతుకమ్మ పేర్చారు. అడుగు వరుసలో 60 పూలు, పైకి వెళ్తున్నకొద్దీ ప్రతి వరుసలో 5 తగ్గాయి. మొత్తం 9 వరుసలు. ఎన్ని పూలు పట్టాయి? బతుకమ్మ ఆకారం చూసి శంకువు సూత్రం రాస్తుందేమో చూడండి. రాస్తే తిట్టకండి. ‘వరుసకీ వరుసకీ ఏం మారుతోంది?’ అని మాత్రం అడగండి. ప్రతిసారీ ఒకే సంఖ్య తగ్గుతోంది కాబట్టి అంకశ్రేఢి. తొమ్మిదో పదం 60 − 8 × 5 = 20. మొత్తం 9/2 × (60 + 20) = 360 పూలు. తంగేడు, గునుగు ఎన్నెన్ని అని ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం జవాబు నా దగ్గర లేదు.

మూడోది వేసవికి పనికొస్తుంది. 5,000 లీటర్ల నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. ఇంట్లో సంపు 2.5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు. అడుగున 40 సెంటీమీటర్ల నీళ్ళు ఇప్పటికే ఉన్నాయి. ట్యాంకర్ మొత్తం పడుతుందా? సూత్రం కన్నా ప్రమాణాల దగ్గరే ఎక్కువ మంది పడిపోతారు. కాబట్టి లీటర్లు, మీటర్లు, సెంటీమీటర్లు మూడూ ఉన్నాయని ఆమే గమనించాలి, మీరు చెప్పొద్దు. 1,000 లీటర్లు ఒక ఘనపు మీటరు, కాబట్టి ట్యాంకర్‌లో 5 ఘనపు మీటర్లు. సంపు అడుగు వైశాల్యం 2.5 × 2 = 5 చదరపు మీటర్లు. నీళ్ళు 5/5 = 1 మీటరు పైకి లేస్తాయి. ముందున్న 0.4 కలిపితే 1.4 మీటర్లు. పడుతుంది, పైన ఇంకా 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. సంపు నిజంగా మీ ఇంట్లోనే ఉంటే టేపు ఇచ్చి ఆ కొలతలతో చేయించండి. సంఖ్యలు ఇంత చక్కగా కలిసిరావు గానీ, దశాంశాల సాధన కూడా అందులోనే అయిపోతుంది.