ఎకరం అమ్మేముందు

బిడ్డా,

ప్రభువు నామంలో ఆశీస్సులు. కొండమల్లేపల్లి రోడ్డు మీది ఎకరం అమ్మి, ఆ పైసలు ప్లాట్ల వెంచర్‌లో పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. గుడి ప్రహరీకి అయిదు లక్షలు మొక్కుబడి చేసుకున్నావట, ఆదివారం సాక్ష్యంలో నిలబడి చెప్పావట. మన ఇంటి పిల్లగాడు అంత మాట అన్నాడంటే గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. మీ నాయన పేరున్న పట్టా పాస్‌బుక్‌కు విరాసత్ చేయించు, అంటే భూమిని వారసుల పేరు మీదికి మార్పించు. భూమి మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయేమో చూపే ఈసీ తీయించు. వెంచర్‌కు లేఅవుట్‌కిచ్చే డీటీసీపీ అనుమతి, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రెరా నంబరు లేకుంటే అటు చూడకు.

తక్కువైతే వడ్డీకి తెస్తానన్నావట, నా భయమంతా అక్కడే. వడ్డీ అనగానే నాకు మీ పెదనాయన గుర్తొస్తాడు.

ఆయన కథ నీకు సగమే తెలుసు. బోరు ఎండి బత్తాయి తోట పోయిన ఏడు, పట్నం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి మూడు రాత్రులు సభలు పెట్టాడు. దేవుని పొలంలో విత్తనం వేస్తే నూరంతలు కోస్తారన్నాడు. అన్న లేచి యాభై వేలు ఇస్తానన్నాడు. ఇంట్లో అయిదు వందలు లేవు. సేటు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కవర్లో పెట్టి ఇచ్చాడు. నెలకు పదిహేను వందలు, ఏడాదికి పద్దెనిమిది వేలు, అదంతా వడ్డీకే. అసలు అట్లాగే ఉంది. మరుసటి ఏడూ వానల్లేవు. ఎడ్లు పోయాయి. మా అమ్మ కంటి ఆపరేషన్ వాయిదా పడింది. నేను అడిగితే, 'దేవునికిచ్చిన మాట ముందు' అన్నాడు. అమ్మ సరే అంది. ఆమె దేనికైనా సరే అనేది. చివరికి డాక్టరు దగ్గరికి తీసుకుపోయేసరికి ఒక కన్ను పనికిరాకుండా పోయింది.

అన్న దుర్మార్గుడైతే నాకింత కోపం ఉండేది కాదు. ఒక్క ఆదివారం గుడి మానని మనిషి! మార్కు 7వ అధ్యాయం ఎన్నిసార్లు చదివి ఉంటాడు? అమ్మానాన్నలకు ఇయ్యాల్సినదాన్ని 'కొర్బాను', దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకునేవాళ్లను ప్రభువు అక్కడే కదా మందలించింది. సభల్లో దశమభాగం తెమ్మనే మలాకీ 3 వినిపించినంతగా ఆ మాట వినిపించదు, ఎందుకో నీకే తెలియాలి.

ఇంకోటి. ఆ ఎకరం నీ ఒక్కడిది కాదు. మీ నాయన వీలునామా రాయలేదు. మన క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మూడో వంతు మీ అమ్మది. మిగిలింది నీకూ చెల్లెకూ సమానం. అంటే ముగ్గురికీ తలా మూడో వంతు. పెళ్లికి ఇచ్చాం కదా అనకు, ఆ లెక్క వేరు. వాళ్ల వాటాలు వాళ్ల అకౌంట్లలో పడ్డాక, నీ వాటాలోంచి ఎంతిచ్చినా నాకు సంతోషమే. సువార్తలో జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తానన్నాడు, సొంత ఆస్తిలోంచే అన్నాడు.

సంపాదించొద్దని నేననను. పౌలు తిమోతికి రాసినప్పుడు కీడులకు మూలమన్నది ధనాపేక్షను. అదే అధ్యాయంలో ధనవంతులకు చెప్పింది, అస్థిరమైన ధనాన్ని నమ్ముకోవద్దని, ధారాళంగా ఇయ్యమని. మా అమ్మ వంటకు కొలిచిన బియ్యంలోంచే పిడికెడు తీసి కానుక డబ్బాలో వేసేది. పక్కింట్లో బదులు తెచ్చి వేయడం నేను చూడలేదు.

నీ అలవాటు చిన్నప్పటిదే. కోత పండుగ వేలంలో జేబులో పది రూపాయలు పెట్టుకుని కోడిపుంజుకు వంద పాట పాడావు. అందరూ నవ్వుతుంటే బిక్కమొహం వేసుకుని నా దిక్కు చూశావు. మిగతాది నేనే కట్టాను, కోడి కూర నువ్వే తిన్నావు. ఇప్పుడు నా పింఛనుకు అంత శక్తి లేదురా!

ప్రహరీ ఈ ఏడు లేవకున్నా ఏం కాదు. పాస్టరయ్యతో నేను మాట్లాడతా. వెంచర్ వాళ్లకు గానీ సేటుకు గానీ సంతకం పెట్టేముందు నాకు ఫోన్ చెయ్యి. ఆదివారమైతే ఒంటిగంట దాటాక చెయ్యి. వాటా సంగతి చెల్లెకు నువ్వే చెప్పు, అమ్మతో చెప్పించకు.

మీ అత్త
దేవరకొండ