లెక్కలు రావు... సైకాలజీలో పీజీ చేయగలనా?

నాకు 22 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బీఏ సైకాలజీ ఫస్ట్‌ క్లాసులో పాసయ్యాను. చిన్నప్పటి నుంచీ లెక్కలంటే చాలు, చేతులు చల్లబడతాయి. ఎక్కాలు నోట్లో నిలవవు, 36ని 63 అని రాసేస్తాను. కొట్లో 500 నోటిస్తే వాళ్లు తిరిగిచ్చింది తీసుకుని వచ్చేయడమే. ఈమధ్య ఒక క్లినికల్‌ సైకాలజిస్టు పరీక్షలు చేసి డిస్కాల్కులియా (అంకెలు, లెక్కలు ఒంటబట్టని అభ్యసన లోపం) అన్నారు. ఎంఏ సైకాలజీ చేయాలని ఉంది కానీ అందులో స్టాటిస్టిక్స్‌ పేపరుంది. ‘ఏడో ఎక్కం రానిదానికి పీజీ ఎందుకు’ అంటారు నాన్న. వైకల్యం సర్టిఫికెట్‌ తీసుకుంటే సంబంధాలు రావని అమ్మ భయం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

చేరండి. మీ టెన్షనంతా స్టాటిస్టిక్స్‌ దగ్గరే ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ముప్పై మంది విద్యార్థులకు పరీక్షల ముందు నెలరోజులు ధ్యానం నేర్పించారనుకోండి. ఇంకో ముప్పై మందికి నేర్పలేదు. మొదటివాళ్లలో ఆందోళన కాస్త తక్కువగా కనిపించింది. ఆ తేడాను నమ్మొచ్చా, లేక ఏ కారణం లేకుండా కూడా అంత తేడా వస్తుందా? టి-టెస్ట్‌ తేల్చేది ఇదే. ఇది మీకు అర్థమైంది కదా? స్టాటిస్టిక్స్‌లో ఆలోచించాల్సింది చాలావరకు ఇలాంటిదే. కూడికలు, వర్గమూలాలు ఎస్‌పీఎస్‌ఎస్‌ లాంటి సాఫ్ట్‌వేర్‌ చేసిపెడుతుంది. అలాంటిదే, ఉచితంగా దొరికే జాస్ప్‌ను ఇవాళే కంప్యూటర్లో వేసుకుని ఆడుకోండి.

చిక్కంతా పరీక్ష హాల్లోనే. కొన్నిచోట్ల ఇప్పటికీ చేత్తో చేయమంటారు. మీరు చేరాలనుకునే యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు తెప్పించుకుని లెక్కలకు ఎన్ని మార్కులు, వివరణకు ఎన్ని మార్కులు అన్నది చూడండి. కాలిక్యులేటర్‌ తీసుకెళ్లనిస్తారా అని డిపార్ట్‌మెంట్లో అడగండి. ప్రాక్టీసుకు గ్రాఫ్‌ నోట్‌బుక్‌ వాడండి, గడికి ఒక్క అంకె చొప్పున. మైనస్‌ గుర్తు ఎర్ర పెన్నుతో పెట్టండి. రాసిన ప్రతి సంఖ్యనూ వేలు పెట్టి, పెదాలు కదిపి చదువుకోండి. 36, 63 తారుమారైనప్పుడు కన్ను పట్టుకోలేనిది చెవి పట్టుకుంటుంది. ట్యూషన్‌ పెట్టించుకుంటే స్పీడుగా చెప్పేవాళ్ల దగ్గర మాత్రం వద్దు.

స్టాటిస్టిక్స్‌ లేని సైకాలజీ పీజీ కోసం వెతుక్కోకండి. ఇగ్నోలో దూరవిద్యలో చదివినవాళ్లకూ ఆ పేపరు తప్పలేదు. పైగా 2025 నుంచి సైకాలజీలో దూరవిద్య ప్రవేశాలను యూజీసీ ఆపించింది. రేపు లెక్చరర్‌ ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన నెట్‌ రాయాలన్నా ఇంత భయం అక్కర్లేదు. మొదటి పేపరు 50 ప్రశ్నల్లో గణితం, డేటా విశ్లేషణ కలిపి పదీ అటూ ఇటూ. నెగెటివ్‌ మార్కులూ లేవు.

ఇక సర్టిఫికెట్‌. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన లోపాలూ ఉన్నాయి. 40 శాతం, ఆపైన అని ధ్రువీకరిస్తే ప్రభుత్వ, ఎయిడెడ్‌ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్‌, వయసులో ఐదేళ్ల సడలింపు వర్తిస్తాయి. నెట్‌ లాంటి పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. అంత శాతం రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. రాసిపెట్టే సహాయకుణ్ని 40 శాతం దాటినవాళ్లకే పరిమితం చేయకూడదని 2021లో వికాస్‌ కుమార్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు ఒక్కటే దీనికి సరిపోదు, అధీకృత ప్రభుత్వాసుపత్రి ధ్రువీకరించాలి. దరఖాస్తు చేసుకున్నాక తిరగడం తప్పదు, మన ఆఫీసుల సంగతి తెలిసిందేగా. అడ్మిషన్ల హడావుడి మొదలయ్యాక కాకుండా ఇప్పుడే కదలండి. అదనపు సమయం కావాలని దరఖాస్తులోనే రాయాలి. హాల్‌టికెట్‌ వచ్చాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

నాన్నగారన్నది ఒకరకంగా నిజం. మీకు ఏడో ఎక్కం రాదు, ఇకముందూ రాకపోవచ్చు. అయితే ఎంఏలో ఎవరూ దాన్ని అప్పజెప్పమనరు. ఆయనతో మీరు వాదిస్తే సాకులు చెబుతున్నట్టు ఉంటుంది. రిపోర్టు ఇచ్చిన సైకాలజిస్టు దగ్గరికి ఆయన్ని ఒక్కసారి తీసుకెళ్లండి. ఇది బద్ధకం కాదు, తెలివితక్కువతనమూ కాదని సైకాలజిస్టు నోటి వెంట వింటే ఆ మాట బరువే వేరు. ఇన్నేళ్లు బెత్తం పట్టుకుని ఎక్కాలు చెప్పించిన తండ్రికి అది వినడం కష్టంగానే ఉండొచ్చు. మెత్తబడటానికి ఆయనకూ కొంత టైమివ్వండి.

అమ్మ భయం మాత్రం తేలిగ్గా తీసిపారేసేది కాదు, మన ఊళ్లలో సంబంధాలు ఎలా తప్పిపోతాయో ఆవిడకు తెలుసు. కానీ సర్టిఫికెట్‌ను గుమ్మానికి వేలాడదీయరు, మీ ఫైల్లో ఉంటుంది. ఊళ్లో అందరికీ చెప్పాల్సిన పనిలేదు. పెళ్లి చేసుకోబోయే అబ్బాయికి మాత్రం మాటలు ఖాయం కాకముందే మీరే చెప్పండి. ఎలాగూ మొదటి నెల పాల లెక్క వేసేటప్పుడు అతనికి తెలిసిపోతుంది. దానికే వెనక్కి తగ్గేవాడైతే ఆ సంబంధం తప్పిపోయిందని అమ్మ బాధపడనక్కర్లేదు.