రొయ్యల వైట్ ఫీకల్ (తెల్ల రెట్ట జబ్బు)కి ప్రోబయోటిక్ డోసు డబుల్ చేయాలా?

ప్రశ్న: మాది విడవలూరు మండలం, రెండెకరాల గుంట. వనామీ రొయ్య వేసి 48 రోజులైంది. మూడు రోజులుగా గాలివాటు మూలకి తెల్ల దారాల్లాంటి రెట్ట తేలుతోంది, రొయ్య సైజు కూడా ఒకటిగా లేదు. షాపాయన బాక్టీరియా పెంచే ప్లేట్ వేసి గ్రీన్ కాలనీలున్నాయి, విబ్రియో బాక్టీరియా అన్నాడు. సాయంత్రం బీకేసీ (క్రిమిసంహారక మందు) కొట్టి, పొద్దున్నే ఎకరాకి అరకేజీ ప్రోబయోటిక్ (మంచి బాక్టీరియా పౌడర్) బెల్లంలో నానబెట్టి చల్లాం, ఆ పైన పెప్టైడ్ (బాక్టీరియాని చంపే చిన్న ప్రోటీన్) లిక్విడ్ లీటరు పోశాం. తగ్గలేదు. డోసు డబుల్ చేయమంటారా?

జవాబు: డబుల్ సంగతి తర్వాత, పోసేదే ముందు ఆపండి. మీరు రాసిన దాంట్లో అసలు విషయం సైజు తేడా, దాన్ని ఒక ముక్కలో దాటేశారు. తెల్ల దారాలు, సైజు తేడా రెండూ కలిసి కనపడితే నా అనుమానం ముందు ఈహెచ్‌పీ మీదకే పోద్ది, విబ్రియో దాని వెనకాల వచ్చి చేరినదే అయ్యుండొచ్చు. ఈహెచ్‌పీ బాక్టీరియా కాదు, రొయ్య లివర్ కణాల్లోపల కూర్చునే మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవి, దాన్ని ఏ ప్రోబయోటిక్కూ చంపలేదు. ఇక గ్రీన్ కాలనీ అంటారా, ఆ రంగు చెప్పేది ఆ బాక్టీరియా ప్లేట్‌లో ఉన్న చక్కెర తినలేదని మాత్రమే, జబ్బు పేరు కాదు.

బీకేసీ కొట్టిన మర్నాడు పొద్దున్నే ప్రోబయోటిక్ పోస్తే ఇంకేం మిగుల్తుందండీ? ప్రోబయోటిక్‌లో ఉండే బాసిల్లస్ బాక్టీరియా స్పోర్‌గా (గట్టి పెంకులో నిద్రపోతూ) ఉంటే కొంత తట్టుకునేది, మీరు బెల్లంలో నానబెట్టి మొలకెత్తించి మరీ పోశారు. బీకేసీ, అయోడిన్, క్లోరిన్ ఏది కొట్టినా 48 నుంచి 72 గంటలు ఆగాలి. చాలామంది బెల్లం డ్రమ్ము గుంట నీళ్లతోనే కలిపి మూత బిగిస్తారు, ఆ నీళ్లల్లో విబ్రియో ఉంటది కాబట్టి బెల్లం పెట్టి దాన్నే పెంచినట్టు. కాచి చల్లార్చిన నీళ్లు వాడి గాలి పంపు పెట్టండి, కుళ్ళు వాసనొస్తే పారబోయండి.

అరకేజీ లెక్క కూడా చూడండి. ఎకరం గుంటలో నాలుగడుగుల లోతుకి దాదాపు 49 లక్షల లీటర్ల నీళ్లుంటాయి. గ్రాముకి వంద కోట్ల కణాలున్న పౌడర్ అరకేజీ చల్లితే మిల్లీలీటరుకి వచ్చేది వంద. విబ్రియో మిల్లీకి వెయ్యి లోపుంటే మామూలేనంటాం. ఈ వందేం చేస్తది, డబుల్ చేస్తే రెండొందలు, అంతే. అదే పౌడర్ కేజీ మేతకి 5 గ్రాములు బైండర్‌తో (మేతకి అంటించే జిగురు) పట్టించి అరగంట నీడన ఆరబెట్టి వేస్తే గ్రాము మేతకి 50 లక్షలు పడతాయి, అవి రొయ్య పేగులోకే పోతాయి.

పెప్టైడ్‌దీ అదే కథ. మంచి బాక్టీరియా వదిలే బాక్టీరియోసిన్లు అనే పెప్టైడ్‌లు పక్కనున్న శత్రువు మీద పనిచేస్తాయి, అంటే పేగు లాంటి ఇరుకు చోట. ఇట్టాంటి పెప్టైడ్‌లు చాలావాటికి ఉప్పు నీళ్లల్లో బలం తగ్గుద్ది, ప్రోటీన్‌ని కరిగించే ఎంజైములకి తెగిపోతాయి కూడా. లీటరు బాటిల్ అన్ని నీళ్లల్లో ఎక్కడ కనపడుద్ది? పైగా అది ఏ పెప్టైడో పేరుందా సీసా మీద? నైసిన్ అనే బాక్టీరియోసిన్ లాంటిదైతే విబ్రియో బయటి పొర దాటి లోపలికి పోవడమే కష్టం. రొయ్య రక్తకణాల్లో పెనైడిన్ అనే పెప్టైడ్ దానికదే తయారవుతుంది, 1997లో వనామీలోనే కనిపెట్టారు, మేత తగ్గి ఆక్సిజన్ సరిపోక నీరసపడ్డ రొయ్య దాన్ని మాత్రం ఎక్కడ చేసుకుంటది.

సీసా మీద సీఏఏ (కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ) రిజిస్ట్రేషన్ లేకపోతే ముట్టుకోవద్దు. పేరు లేని సీసాలో యాంటీబయోటిక్ ఉంటే రొయ్య పట్టే ముందు జరిగే పరీక్షలో పోయేది మీ సరుకే, అమ్మినాయన షాపు తెరిచే ఉంటది.

ఇప్పుడు చేయాల్సింది. మేత 3 రోజులు సగానికి తగ్గించి చెక్ ట్రేలో ఎంత మేత తిన్నాయో చూస్తూ పెంచండి. తేలే దారాలు వలతో తీసి గట్టుకి దూరంగా పూడ్చండి. తెల్లారుజామున ఆక్సిజన్ 4 పీపీఎంకి తగ్గకుండా ఏరియేటర్లు తిప్పండి. పది చిన్న రొయ్యల లివర్లు 95 శాతం ఇథనాల్‌లో వేసి పీసీఆర్‌కి (ఈహెచ్‌పీ ఉందో లేదో తేల్చే ల్యాబ్ టెస్ట్) పంపండి, ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో అడిగితే ఎక్కడ చేస్తారో చెప్తారు. ఈహెచ్‌పీ పాజిటివ్ వచ్చి రొయ్య పెరగకపోతే మేత ఖర్చు లెక్కేసుకుని తొందరగా పట్టేయండి. తర్వాత గుంట బాగా ఎండబెట్టి హెక్టారుకి 6 టన్నులు, అంటే ఎకరాకి 2,400 కేజీల కాల్చిన సున్నం 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతు దున్ని కలిపి తడపండి, నేల పీహెచ్ 12 దాటాలి, వారం వదిలేయండి. కొత్త సీడ్‌కి కూడా ఈహెచ్‌పీ పీసీఆర్ రిపోర్ట్ చూసే దించండి, హ్యాచరీ వాళ్లు నోటిమాటగా చెప్తే వినొద్దు.