నాబ్ ఎరుపు వైపు తిప్పితే పెట్రోల్ మిగలదు

ప్రశ్న: కారులో ఏసీ ఎంతలో పెట్టుకుంటే చల్లగానూ ఉంటుంది, మైలేజీ కూడా పడిపోదు? నాది మాన్యువల్ ఏసీ, అంకెలు లేవు, నీలం ఎరుపు గీతలే ఉన్నాయి.

మీ కారుకి 'ఎంతలో' అన్న లెక్కే లేదండీ. ఎండాకాలంలో నాబ్‌ని నీలం చివరిదాకా తిప్పేసి దాని జోలికి పోకండి. చలి ఎక్కువైందనిపిస్తే బ్లోయర్ ఒక పాయింటు తగ్గించండి.

ఈ మాట చెబితే మా ఆఫీసులో ఒక్కరూ ఒప్పుకోరు. ఇంట్లో ఏసీ 24లో పెడితే కరెంటు బిల్లు తగ్గుతుంది కదా, కారులోనూ నాబ్ మధ్యలో పెడితే పెట్రోల్ మిగులుతుంది కదా అని వాదన. ఇంటి ఏసీ సంగతి నిజమే. స్టార్ రేటింగ్ ఉన్న ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీల సెట్టింగుతోనే వస్తున్నాయి, అంకె పెంచేకొద్దీ కంప్రెసర్‌కి పని తగ్గుతుంది. మాన్యువల్ ఏసీ కారులో అలా కాదు. అక్కడ గాలి ముందు పూర్తిగా చల్లబడుతుంది. నాబ్ ఎరుపు వైపు జరిపితే డాష్‌బోర్డు లోపల ఒక చిన్న తలుపు కదిలి, ఆ చల్లటి గాలిలో కొంత భాగాన్ని ఇంజిన్ వేడి నీళ్లు పారే హీటర్ మీదుగా పంపిస్తుంది. అంటే పెట్రోల్ కాల్చి చల్లబరిచిన గాలిని మనమే మళ్లీ వేడి చేసుకుంటున్నాం. ఇందులో ఆదా ఎక్కడుంది? అంకెలున్న ఆటోమేటిక్ ఏసీ అయితే 24, 25లో పెట్టి వదిలేయండి, మిగతాది అదే చూసుకుంటుంది.

అసలు ఆదా ఇంకో బటన్‌లో ఉంది. కారు బొమ్మ లోపల గుండ్రంగా తిరిగిన బాణం గుర్తు ఉంటుంది చూడండి, అది. అది నొక్కితే బయటి వేడిగాలి రావడం ఆగి, లోపల చల్లబడిన గాలే మళ్లీ తిరుగుతుంది. మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం రెండు గంటలకు ఇది నొక్కకుండా ఏసీ వేస్తే వడగాలిని చల్లబరుస్తూ కూర్చోవాల్సిందే. అయితే ఎక్కగానే నొక్కకూడదు. ఎండలో నిలిపిన కారులో బయటికన్నా లోపలే వేడి ఎక్కువ. అద్దాలు దించి, బ్లోయర్ పెంచి కాస్త దూరం నడిపి, ఆ వేడంతా పోయాక అద్దాలెత్తి అప్పుడు నొక్కాలి. గాలి ముఖం మీదికి కాకుండా కాస్త పైకి వచ్చేలా పెట్టుకుంటే వెనక కూర్చున్నవాళ్లకీ అందుతుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది వానాకాలం గురించి. ఏసీ అంటే చల్లదనానికే అనుకునేవాళ్ల కార్లు ఎక్కాలంటే నాకు భయం. ఒక జూలైలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం. మావయ్య బండి నడుపుతున్నారు, నేను పక్క సీట్లో, వెనక అత్తయ్య, ఇద్దరు పిల్లలు. సూర్యాపేటలో టీ తాగడానికి దిగి అందరం తడిసి ఎక్కాం. కోదాడ ఇంకా రానేలేదు, ముందు అద్దం లోపలి వైపంతా ఆవిరి పట్టేసింది. చీకటి పడింది. ఎదురుగా వచ్చే లారీ లైట్లు అద్దం నిండా పరుచుకుని రోడ్డు ఎక్కడుందో కూడా తెలియడం లేదు. మావయ్య ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని తుడుస్తున్నారు. తుడిచినచోట గీతలు మిగులుతున్నాయి, నిమిషం తిరక్కుండా మళ్లీ మసక.

"మావయ్యా, ఏసీ వెయ్యండి" అన్నాను.

"వానలో ఏసీ ఏంట్రా, పిల్లలకి జలుబు చెయ్యదూ?"

చూస్తే ఆ బాణం బటన్ మీద లైటు వెలుగుతోంది. ఎండాకాలంలో నొక్కింది నొక్కినట్టే ఉంది. అయిదుగురి ఊపిరి, తడి బట్టల ఆవిరి బయటికి పోయే దారి లేక అద్దానికి పడుతోంది. ఆయన్ని బండి పక్కకి ఆపమని, ఆ బటన్ తీసేసి ఏసీ వేశాను, గాలి ముందు అద్దానికి మళ్లించి బ్లోయర్ పూర్తిగా పెట్టాను. డాష్‌బోర్డు అంచు దగ్గర అద్దం మీద అరచేయంత మేర రెండు చోట్ల మసక విడిపోయింది. ఆ రెండూ పైకి పెరుగుతూ మధ్యలో కలిశాయి. కాసేపటికి వైపర్ తిరిగినంత మేరా రోడ్డు కనిపించింది. ఏసీ గాలిలోని తేమను పిండేస్తుంది, అద్దానికి కావాల్సింది ఆ పొడి గాలే. అత్తయ్య చలి అంటే అప్పుడు నాబ్ ఎరుపు వైపు తిప్పాను. గాలి వెచ్చగా వచ్చింది, పొడిగానే వచ్చింది. ఎండాకాలంలో పైసా మిగల్చని ఎరుపు వైపు పనికొచ్చేది ఇలాంటప్పుడే. బండి అమ్మేటప్పుడు బ్లూటూత్ కలపడం అరగంట నేర్పిస్తారు, ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పరు.

మసక బయటివైపు పడితే మాత్రం సంగతి వేరు. కోస్తాలో ఉక్క రోజుల్లో ఏసీ చల్లదనం తగిలి అద్దం బయట తేమ పడుతుంది. అప్పుడు వైపర్ ఒకసారి తిప్పి, గాలిని అద్దం మీద నుంచి తప్పించాలి.

ఎండాకాలంలో కూడా నలుగురైదుగురు ఎక్కి దూరం వెళ్తుంటే మధ్య మధ్యలో ఆ బటన్ తీసి బయటి గాలి రానివ్వండి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడే లోపల పేరుకుని డ్రైవర్‌కి మగత వస్తుంది.

మైలేజీ గురించి అడిగారు కాబట్టి ఇంకో మాట. కంప్రెసర్ తిరిగేది ఇంజిన్ బలంతోనే, ఏసీ వేస్తే ఎంతో కొంత ఇంధనం అవుతుంది. ఆ ఖర్చు క్యాబ్‌లో డ్రైవర్ జేబులోంచి పోతుంది. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు 'నో ఏసీ' అంటూ ప్రచారం చేసింది అందుకే. ఏసీ వేయలేదని ఎక్కీ ఎక్కగానే రేటింగ్ తగ్గించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సొంత బండిలో అయితే, ఊళ్లో మెల్లగా వెళ్లేటప్పుడు సాయంత్రం చల్లబడ్డాక అద్దాలు దించుకోండి, హైవే మీద ఎత్తేసి ఏసీ వేసుకోండి. వేగంలో తెరిచిన అద్దాలు గాలికి అడ్డుపడి ఇంజిన్‌ని వెనక్కి లాగుతాయి, పైగా దుమ్ము, హోరు.

చల్లదనం తగ్గితే ముందు గ్లోవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో పనిముట్లు లేకుండా చేత్తోనే వస్తుంది. దుమ్ముతో నల్లబడి ఉంటే బ్లోయర్ ఎంత పెంచినా గాలి రాదు. మేం బండి ఇచ్చే సర్వీసు సెంటర్‌లో ఏటా "గ్యాస్ అయిపోయింది సార్" అంటారు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు ఎక్కడో చూపించి, అది బాగుచేశాకే గ్యాస్ నింపమనండి.