కేసు లేకపోయినా ముత్తాత కాగితాలు అడగొచ్చు

ప్రశ్న: లాయరు గారూ, మాది కంచరపాలెం. మా ముత్తాతది ఆనందపురం పక్క పల్లె. అక్కడున్న కాస్త భూమి అమ్ముకుని రంగూన్ వెళ్లిపోయారని, 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడినప్పుడు మా తాతగారు కుర్రాడిగా నడిచి వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. మా నాన్నగారికి 79 ఏళ్లు. ఆయన ఉండగానే మా వంశవృక్షం కాగితాలతో సహా రాసి ఆయన చేతిలో పెట్టాలని నా కోరిక. ఒక ఆఫీసుకి వెళ్లి పాత రిజిస్టరు చూపించమంటే "ఏం కేసుంది? ఆస్తి గొడవా?" అని అడిగి పంపేశారు. మా పెద్దనాన్నగారి అబ్బాయేమో పాత కాగితాలు కదిపితే లేనిపోని తగాదాలు వస్తాయని ఒకటే టెన్షన్ పడుతున్నాడు. కేసేమీ లేకుండా ఈ రికార్డులు అడిగే హక్కు నాకుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: హక్కు ఉందమ్మా. కేసు ఉన్నవాళ్లే పాత రిజిస్టరు చూడాలని ఏ చట్టంలోనూ లేదు. ఏ పుస్తకం ఎవరు చూడొచ్చో చట్టం పుస్తకానికొక రకంగా చెప్పింది. అది తెలుసుకుని వెళ్తే కౌంటరు దగ్గర మీ మాటకి బలం ఉంటుంది.

ఇలాంటి పని మీద వచ్చేవాళ్లు దాదాపు అందరూ జనన రిజిస్టరుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మీరు దస్తావేజుతో మొదలుపెట్టండి. మీ ముత్తాత భూమి అమ్మారన్న ఒక్క మాట మీ చేతిలో ఉంది. అంతకన్నా మంచి ఆధారం మరొకటి లేదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల నకళ్లన్నీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 1వ పుస్తకంలో ఉంటాయి. అదే చట్టం 57వ సెక్షన్ ఆ పుస్తకాన్ని, దాని సూచికల్ని, ఫీజు కట్టిన ఎవరైనా చూడొచ్చని చెబుతోంది. ఎవరైనా అంటే ఎవరైనానే. మీరు ఆ ఆస్తికి వారసులని చూపించనక్కర్లేదు. సూచికలు రెండు రకాలు. ఒకటి పేర్ల వరుసలో, రెండోది ఊళ్లు, ఆస్తుల వరుసలో. చాలామంది పేరుతో వెతికి, దొరకలేదని తిరిగొచ్చేస్తారు. మీరు ఊరితో వెతకండి. పేరు ఒక గుమస్తా ఒకలా, ఇంకో గుమస్తా ఇంకోలా రాసి ఉండొచ్చు, ఇంటిపేరు అసలు రాయకపోనూ వచ్చు. ఊరు మాత్రం మారదు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో తీసే ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ, 1983 నుంచే వస్తుంది. మీ ముత్తాత కాలం దానికి చాలా ముందుది కాబట్టి ఆఫీసుకి వెళ్లి చేతితో వెతికించుకోవాల్సిందే. ఏ ఆఫీసు అన్నది కూడా ముఖ్యమే. 1985లో మండలాలు రాకముందు ఆ పల్లెలు భీమునిపట్నం తాలూకా కింద ఉండేవి. అందుకని ముందు భీమిలి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో "ఫలానా గ్రామానికి 1920 ప్రాంతంలో ఏ ఆఫీసు ఉండేది, ఆ వాల్యూములు ఇప్పుడెక్కడున్నాయి" అని అడగండి. తర్వాత కొత్త ఆఫీసులు వచ్చినా పాత వాల్యూములు పాత చోటే ఉండిపోయిన సందర్భాలు నేను చాలా చూశాను.

ఆ నకలు దొరికితే దాన్ని నెమ్మదిగా చదవండి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక భాగాల దావా (ఆస్తి పంపకాల కేసు) కోసం అలాంటి పేజీ మొదటిసారి చేత్తో పట్టుకున్నాను. కాగితం టీ రంగుకి తిరిగింది, అంచు ముట్టుకుంటే రాలిపోతోంది. తేదీ తెలుగు అంకెల్లో ఉంది, సొమ్ము రూపాయలు అణాల్లో ఉంది. అమ్మినవారి పేరు, ఆయన తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం ఉంటున్న ఊరు వరసగా ఉన్నాయి. కింద హద్దులు: తూర్పు ఫలానా వారి జిరాయితీ, దక్షిణం గెడ్డ, పడమర అమ్మినాయన తమ్ముడి భూమి. ఆ "తమ్ముడి భూమి" అన్న రెండు ముక్కలు చూసి మా క్లయింటు ఏడ్చేశాడు. తాతగారికి తమ్ముడున్నాడని వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. హద్దులూ సాక్షి సంతకాలూ వదలకండమ్మా. సాక్షులూ, రిజిస్ట్రారు ముందు గుర్తుపట్టినవారూ చాలాసార్లు బావమరుదులో, వియ్యంకులో అయ్యుంటారు. వాళ్ల తండ్రుల పేర్లు కూడా అక్కడే ఉంటాయి.

ఆడవాళ్ల వైపు వెతకడం కష్టమని అందరూ అంటారు. అది నిజమే. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, రిజిస్టర్లలో "ఫలానా వారి భార్య" అని ముగించేస్తారు. కానీ మన ప్రాంతంలో పసుపుకుంకుమ కింద కూతురికి భూమి రాసిచ్చే అలవాటుంది. అది రిజిస్టరు చేయించి ఉంటే తండ్రి, కూతురు, అల్లుడు ముగ్గురూ ఒకే కాగితంలో దొరుకుతారు. మీ ముత్తవ్వ పుట్టింటి ఊరు తెలిస్తే ఆ ఊరి సూచిక కూడా చూడండి.

ఒక మాట ముందే చెప్పాలి. 100 రూపాయల లోపు విలువున్న భూమిని అప్పట్లో రిజిస్ట్రేషన్ లేకుండా స్వాధీనం చేసి అమ్మేయడానికి ఆస్తి బదిలీ చట్టమే ఒప్పుకుంటుంది. ఆ రోజుల్లో 100 రూపాయలు చిన్న సొమ్ము కాదు. కాబట్టి నకలు దొరకనంత మాత్రాన ఇంట్లో చెప్పుకున్న మాట అబద్ధమని అనుకోవద్దు.

వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవారు బతికుండగా దాని నకలు బయటివారికి ఇవ్వరు, చనిపోయాక అడిగినవారికి ఇవ్వాలి. స్థిరాస్తితో సంబంధం లేని మిగతా దస్తావేజులుండే 4వ పుస్తకం మాత్రం సంబంధించినవారికే. దాన్ని చూపించలేదని గొడవ పడకండి, ఆ విషయంలో ఆఫీసువాళ్లదే న్యాయం.

ఇక రెవెన్యూ రికార్డు. విశాఖ చుట్టుపక్కల చాలా గ్రామాలు జమీందారీ కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్‌మెంటు జరిగి ఏ నంబరు ఎవరి పేరున ఉందో రాశారు. దాన్నే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంటారు, తహశీల్దారు ఆఫీసులో ఎస్‌ఎఫ్‌ఏ అని అడిగితే అర్థమవుతుంది. మీ ముత్తాత అప్పటికే అమ్మి వెళ్లిపోయారు కాబట్టి ఆయన పేరు అందులో ఉండకపోవచ్చు. ఆయన అన్నదమ్ములు ఊళ్లో ఉండిపోయి ఉంటే వాళ్ల పేర్లుంటాయి. మీకు కావలసింది వాళ్లే. మీభూమి సైటులో కనిపించే 1బీ, అడంగల్ ఇప్పటి పరిస్థితి చెబుతాయి గానీ వంశం సంగతి చెప్పవు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు గ్రామ లెక్కలు తాలూకా ఆఫీసులకి అప్పగించాల్సి వచ్చింది. కొన్ని చోట్ల అన్నీ చేరలేదు. పాత కరణంగారి కుటుంబం ఊళ్లో ఉంటే మర్యాదగా వెళ్లి పలకరించండి. కాగితం ఇవ్వలేకపోయినా ఏ కుటుంబం ఏ వీధిలో ఉండేదో చెప్పగలరు.

తహశీల్దారు ఆఫీసులో నోటిమాటతో పని కాదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని 6(2) సెక్షన్ స్పష్టంగా అంటుంది. ఇక ఎవరైనా "వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అంటే 8(3) సెక్షన్ చూపించండి. 20 ఏళ్లు దాటిన సంగతులకి ఆ కారణం పనికిరాదు. మినహాయింపులు మూడే: దేశ భద్రత, సభాహక్కులు, మంత్రివర్గ పత్రాలు. మీ ముత్తాత ఊరి అడంగల్ వాటిలోకి రాదు కదా. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ పై 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

దరఖాస్తు ఎలా రాస్తారన్న దాని మీదే ఫలితం ఉంటుంది. "మా ముత్తాత ఎవరు, ఆయన వారసులు ఎవరు" అని రాస్తే, మా దగ్గర సమాచారం లేదని ఒక్క వాక్యంలో తిప్పి పంపుతారు. ఇలా రాయండి: "ఫలానా గ్రామం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌ను పరిశీలించడానికి తేదీ, సమయం తెలియజేయగలరు. నేను గుర్తించిన పుటలకు ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు." రికార్డు అడగండి, అభిప్రాయం అడగకండి.

జనన మరణాల సంగతి. 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టరు వెతికించుకుని నకలు తీసుకోవచ్చు. మరణ నకలులో చావుకి కారణం మాత్రం రాయరు. అంతకుముందు మద్రాసు రాష్ట్రానికి 1899 నాటి చట్టం ఉండేది. పల్లెల్లో మునసబు రాసేవాడు, పట్నంలో మున్సిపాలిటీ రాసేది. ఆ రిజిస్టర్లు తేదీల వరుసలో ఉంటాయి, పేర్ల సూచిక ఉండదు. పైగా మనవాళ్లు బిడ్డకి పేరు పెట్టకముందే నమోదు అయిపోతుంది కాబట్టి పేరు గడి ఖాళీగా ఉండి, "మగ శిశువు" అనీ తండ్రి పేరూ మాత్రమే కనిపిస్తాయి. తాతగారి పేరు కనపడలేదని పేజీ తిప్పేయకండి, ముత్తాత పేరు చూడండి. మరణం తేదీ మాత్రం ఇంట్లో గట్టిగా గుర్తుంటుంది, ఏటా తద్దినం పెడతారు కదా. ఆ తిథిని పంచాంగంతో ఇంగ్లీషు తేదీకి మార్చుకుని వెళ్తే వెతకడం సుళువు. ఎంత వెతికినా దొరకకపోతే "రికార్డు లభ్యం కాలేదు" అని రాతపూర్వకంగా తీసుకోండి. రేపు ఎవరికైనా అది కూడా పనికొస్తుంది.

జిల్లా హద్దులు గుర్తుంచుకోండి. 1936 దాకా కోరాపుట్ వైపు కూడా విశాఖపట్నం జిల్లాలోదే. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు 2022లో విడిపోయాయి. పాత కాగితంలో "విశాఖపట్నం జిల్లా" అని ఉందని ఇక్కడే తిరగకుండా ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి. మద్రాసు ప్రభుత్వ కాలం నాటి పై స్థాయి ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అది ఆఖరి మజిలీ, ఇప్పుడే రైలెక్కకండి.

బర్మా విషయంలో నేను ఎక్కువ ఆశ పెట్టను. 1942లో కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవారి పేర్లన్నీ ఎవరూ ఒకచోట రాయలేదు. ఆ ఏప్రిల్ 6న విశాఖ మీదే బాంబులు పడ్డాయి, ఊరు ఊరంతా పల్లెలకి పోయింది. జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ సైటులో బర్మా తరలింపు ఫైళ్లు వెతకండి, ఖర్చేమీ లేదు. అంతకన్నా ముందు ఇంట్లో పాత ట్రంకు పెట్టె తెరవండి. రంగూన్‌లో ఇచ్చిన కార్డో, ఓడ టికెట్టో, ఉత్తరమో దొరకొచ్చు. మీ పక్కనే బర్మా క్యాంపులో కాందిశీకుల కుటుంబాలు ఉన్నాయి కదా, అక్కడి పెద్దల్ని కలవండి.

జనాభా లెక్కల్లో చూస్తామని కొందరు తిరుగుతుంటారు. ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించకూడదని 1948 సెన్సస్ చట్టమే కట్టడి చేసింది. ఆ దారి వదిలేయండి. బడి అడ్మిషన్ రిజిస్టరు మాత్రం అడగండి, తాతగారు వచ్చాక ఎక్కడైనా చదివి ఉంటే పుట్టిన తేదీ, తండ్రి పేరు దొరుకుతాయి. బంధువుల్లో ఎవరైనా ఎప్పుడైనా భాగాల దావా వేసుకున్నారేమో కూడా కనుక్కోండి. ఆ దావా కాగితాల్లో వంశవృక్షం గీసి ఉంటుంది. నంబరు, సంవత్సరం తెలిస్తే, కారణం చెబుతూ అఫిడవిట్ పెట్టి కోర్టులో నకలుకి దరఖాస్తు చేయొచ్చు. కాశీ, గయల్లో పండాలు (తీర్థ పురోహితులు) యాత్రికుల కుటుంబాల పేర్లు రాసుకునే పుస్తకాలు ప్రభుత్వ రికార్డులు కావు గానీ చూడదగ్గవే.

మీ అన్నయ్య భయం గురించి. ఆయన్ని తప్పుపట్టను, పాత కాగితం పట్టుకుని ఊరి మీద పడినవాళ్లని నేనూ చూశాను. కానీ మీరు వెతుకుతున్నది అమ్మేసిన భూమి. అమ్మినట్టు నకలు దొరికితే దానివల్ల మీకు ఏ హక్కూ రాదు, ఇప్పుడు సాగు చేసుకుంటున్నవారికి ఏ నష్టమూ రాదు. నకలు చూసుకోవడం దావా వేయడం కాదు. ఊరెళ్లినప్పుడు ఈ మాట ముందే చెప్పండి, లేకపోతే పొలం గట్టు మీద నిలబడి ఫోటో తీసినా అనుమానపడతారు. వంశవృక్షం నలుగురికీ పంచేటప్పుడు బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు అందులో పెట్టకండి.

ఇక మీరు రాసే వంశవృక్షానికీ విలువ ఉందమ్మా. ఏ తగాదా లేని రోజుల్లో ఇంట్లో పెద్దలు రాసిన వంశావళిని, సమాధి రాతిని, కుటుంబ పటాన్ని కూడా చుట్టరికానికి సాక్ష్యంగా 2023 సాక్ష్య చట్టం 26వ సెక్షన్ లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే మీ నాన్నగారు చెప్పింది ఆయన మాటల్లోనే రాసి, తేదీ వేసి, ఆయన చేత సంతకం పెట్టించండి.

ఈ వారం ఆఫీసులకి వెళ్లకండి. నాన్నగారి దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు ఆన్ చేసి, వాళ్ల నాన్న ఆ పల్లె గురించి ఏం చెప్పేవారో అడగండి. పొలం పక్కన గెడ్డ ఉండేదా, దాని పేరేమిటి, గట్టు అవతల ఎవరి భూమి, రంగూన్ వెళ్లేటప్పుడు ఎవరు సాయం చేశారు. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని భీమిలి వెళ్లండి. హద్దుల దగ్గర అవే కనపడతాయేమో చూడండి.