ఎండలో రాయి, వానలో బురద

ప్రశ్న: మట్టి రోడ్డు బేస్ (పునాది పొర)లో 2 శాతం అక్రిలిక్ పాలిమర్ ఎమల్షన్ (నీటిలో సన్నని ప్లాస్టిక్ రేణువులు కలిసిన పాలలాంటి ద్రవం) కలిపి 150 మి.మీ. మందాన వేశాం. ల్యాబ్ నమూనా 3 మెగాపాస్కల్స్ బలం చూపింది. తీరా మొదటి వానకే మెత్తబడింది. మోతాదు పెంచాలా?

జవాబు: తొందరపడి పెంచకండి. ల్యాబ్‌లో ఎండిన నమూనానే నలిపి (విరిగేదాకా నొక్కి) బలం చూసి ఉంటే ఆ అంకెను నమ్మి రోడ్డు వేయకూడదు. పాలిమర్ సిమెంటులాగా నీటితో చర్య జరిపి గట్టిపడేది కాదు. నీరు ఆరిపోయాకే రేణువుల మధ్య పొరలా అతుక్కుంటుంది. పైగా ఎండిన మట్టికి సొంత బలం కూడా ఉంటుంది, తడిస్తే అది పోతుంది. పాలిమర్ కలపని నమూనాను కూడా అలాగే ఎండబెట్టి నలిపి చూడండి, పాలిమర్ వాటా ఎంతో తేలిపోతుంది. కొన్ని నమూనాలను 24 గంటలు నీళ్లలో నానబెట్టి నలపండి. డిజైన్‌కు ఆ తడి బలాన్నే తీసుకోండి.

క్యూరింగ్ (గట్టిపడనివ్వడం) పేరుతో నమూనాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచితే పచ్చిగానే ఉంటాయి. బాగా వేడి ఓవెన్‌లో పెడితే రోడ్డు మీద ఎన్నడూ రాని బలం వస్తుంది. రెండూ మోసమే.

ఇప్పుడు రోడ్డు మీద చిన్న గుంత తవ్వండి. పైన బిరుసుగా, అడుగు పెడ్డ తడిగా ఉండి, వేళ్ల మధ్య నలిపితే పాలలాంటి తెల్లని జిగట అంటితే, పొర లోపల ఆరలేదన్నమాట. పైన ముందుగా కట్టిన పొర కింది తేమను బయటికి పోనివ్వలేదు. అందుకే వాన సూచన ఉన్న వారంలో ఈ పని పెట్టుకోకూడదు.

నీటి లెక్కలో కూడా తరచుగా పొరపాటు జరుగుతుంది. ఘనపు మీటరుకు 1,800 కిలోల పొడి సాంద్రత అనుకుంటే, 150 మి.మీ. మందంలో చదరపు మీటరుకు 270 కిలోల మట్టి. 2 శాతమంటే 5.4 కిలోల ఎమల్షన్. అందులో సగం నీరైతే 2.7 లీటర్లు. రోలింగ్‌కు అనువైన తేమ 12 శాతం, అంటే 32.4 లీటర్లు. మట్టిలో అప్పటికే 5 శాతం తేమ, అంటే 13.5 లీటర్లు ఉంటే, అదీ ఎమల్షన్‌లోని 2.7 లీటర్లూ పోను ట్యాంకర్‌తో పోయాల్సింది 16.2 లీటర్లే. అదే మట్టి 11 శాతం తేమతో ఉంటే అసలు నీళ్లే పోయనక్కర్లేదు. ఆపై ఎమల్షన్ పెంచితే తేమ హద్దు దాటి, రోలర్ కింద మట్టి అణగదు.

ప్రశ్న: మాది జిగురు బంకమట్టి. పనికొస్తుందా?

జవాబు: ఒక్క పాలిమర్‌తో కష్టం. పెడ్డల లోపలికి ఎమల్షన్ దూరదు. ముందు సున్నం కలిపి మట్టి పొడిపొడిగా విడిపోయేదాకా ఆగండి. తర్వాత సున్నం కలిపిన మట్టిని గ్లాసు నీళ్లలో కలిపి, అందులో కొంచెం ఎమల్షన్ పోసి చూడండి. వెంటనే విరిగి ఉండలు కడితే ఆ రకం ఎమల్షన్ వద్దు.